బడుల్లో సేవా అభ్యసనానికి ప్రభుత్వ నిధులు: అడగాల్సింది ఏమిటి?

నాలుగోబెంచి:

అందరికీ నమస్కారం. విద్యా బడ్జెట్‌కు సూచనలు పంపే గడువు దగ్గరపడింది. బడుల్లో సేవా అభ్యసనానికి ప్రభుత్వమే డబ్బు పెట్టాలని కోరుతూ మేం కొందరం ఒక వినతిపత్రం రాస్తున్నాం. చిత్తుప్రతి చదువుకుంటే ఆవేశం పాలు ఎక్కువగా, సరుకు తక్కువగా కనిపించింది. ఇక్కడ పెడితే మొహమాటం లేకుండా కడిగేస్తారని తెలుసు కాబట్టి పెడుతున్నాను.

ముందుగా ఒక మాట. పిల్లలను వరుసగా నిలబెట్టి చెత్త ఏరించి, బ్యానర్ పట్టించి ఫోటో తీయించుకోవడం గురించి కాదు నేను మాట్లాడుతున్నది. సేవా అభ్యసనం అంటే తరగతిలో నడుస్తున్న పాఠానికీ, బయట నిజంగా ఎవరికో అవసరమైన పనికీ ముడి ఉండాలి. పని అయ్యాక ఏం చూశాం, ఎందుకలా ఉంది, మనం చేసింది ఎవరికైనా పనికొచ్చిందా అని పిల్లలు కూర్చుని ఆలోచించాలి. ఆ చివరిది లేకపోతే అది సేవ కావచ్చు కానీ చదువు కాదు.

మా వాదనకు ఆధారం అమెరికా అనుభవం. 1990లో అప్పటి అధ్యక్షుడు పెద్ద బుష్ సంతకం చేసిన జాతీయ సేవా చట్టంతో అక్కడి బడులకు కొద్దిపాటి కేంద్ర నిధులు మొదలయ్యాయి. 1993లో క్లింటన్ హయాంలో వచ్చిన చట్టంతో అది 'లెర్న్ అండ్ సర్వ్ అమెరికా' పథకం అయింది. డబ్బు రాష్ట్రాల విద్యాశాఖల ద్వారా బడులకు చేరేది. చివరి రోజుల్లో దాని బడ్జెట్ ఏడాదికి సుమారు 4 కోట్ల డాలర్లు, పాల్గొన్న విద్యార్థులు పది లక్షలకు పైనే. అంటే తలకు 40 డాలర్లు కూడా పడలేదు. 2011 ఏప్రిల్‌లో లోటు తగ్గించే బేరసారాల్లో ఆ పద్దును పూర్తిగా కొట్టేశారు. ఆ పథకాన్ని నడిపిన కేంద్ర సంస్థ కిందే ఉన్న అమెరికోర్ (యువకులు భృతి తీసుకుంటూ సేవ చేసే పథకం) మాత్రం బతికి బయటపడింది.

ఇంత చవకైన పథకం అంత తేలిగ్గా ఎలా పోయింది? మేం అడిగేది అలా పోకుండా ఉండాలంటే ఏం అడగాలి? ఇవీ నా ప్రశ్నలు.

జమాఖర్చు:

ఉద్యోగమంతా ఆడిట్‌లో చేసినవాణ్ని, కాబట్టి నా ధోరణి ఎలా ఉంటుందో ఊహించుకోండి. మంచి పని అన్నంత మాత్రాన ఖజానా తలుపు తెరవాలా? బడ్జెట్ రోజుల్లో వచ్చే వినతిపత్రాల్లో చెడ్డ పని కోసం వచ్చింది ఒక్కటీ నేను చూడలేదు.

సేవ మనసులోంచి రావాలంటారు. మళ్లీ దానికి పద్దు కావాలంటారు. పిల్లలు శ్రమదానం చేస్తుంటే డబ్బు దేనికి ఖర్చవుతుందో మీ పోస్టులో ఒక్క ముక్క లేదు. ముందు ఆ సంగతి తేల్చండి. పథకం చవకగా ఉండటం గొప్ప కాదు. చవకైన వ్యర్థ ఖర్చులు చాలా ఉంటాయి.

సున్నపుగోడ:

జమాఖర్చు గారు అడిగినదానికి నేను జవాబు చెప్పగలను. ఎనిమిదో తరగతికి జీవశాస్త్రం చెబుతాను.

బడికి నడిచివెళ్లేంత దూరంలో వాగు ఉంది. ఆవరణ వ్యవస్థల పాఠం వచ్చినప్పుడు పిల్లలను అక్కడికి తీసుకెళ్లి నీటి నాణ్యత చూపిస్తాను. పరికరాలు పెద్దగా అక్కర్లేదు. నీటిలో ఉన్న రాయిని మెల్లగా ఎత్తి తిరగేస్తే అడుగున బల్లపరుపు ఒంటితో, వెనక మూడు సన్నటి తోకలతో చిన్న పురుగులు అంటుకుని ఉంటాయి. మేఫ్లై అనే కీటకం పిల్లపురుగులవి. ప్రాణవాయువు తగ్గితే బతకలేవు. అవి కనిపించాయంటే నీరు ఫరవాలేదన్నమాట. పిల్లలు ఎగువ నుంచి దిగువకు నడుస్తూ ఒక్కోచోట కొన్ని రాళ్లు తిప్పి, లెక్కపెట్టి, పట్టికలో రాస్తారు. ఒక మురుగుకాలువ వచ్చి కలిసేచోట లెక్క సున్నాకు పడిపోయింది. బురదలో ఎర్రటి పురుగులు మాత్రమే మిగిలాయి. "ఇక్కడ ఒక్కటి కూడా లేదేమిటి టీచర్?" అని ఒక అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్న నేను నల్లబల్ల మీద ఎన్ని బొమ్మలు గీసినా వచ్చేది కాదు.

తర్వాత పిల్లలు ఒక పటం గీశారు. గ్రాఫు కట్టారు. ఆ కాలువ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతికి, స్థానిక సంస్థ ఇంజనీరుకు ఉత్తరం రాశారు. మొదటి ప్రతిలో తిట్లు ఎక్కువ, అంకెలు తక్కువ. తిట్లు తీసేసి అంకెలు పెట్టడమే ఆ వారం భాషా పాఠం అయింది.

ఇక ఖర్చు. నైట్రేట్ చూసే రంగు పట్టీలు, చేతి తొడుగులు చవకే. అసలు ఖర్చు మరోచోట ఉంది. నీటి దగ్గరకు నలభై మంది పిల్లలతో ఒక్క మనిషి వెళ్లకూడదు, రెండో పెద్దమనిషి కావాలి. నేను బయట ఉన్నంతసేపూ నా మిగతా తరగతులు ఎవరో చూడాలి. ప్రతి ఇంటి నుంచీ అనుమతి పత్రం రావాలి, ప్రమాద బీమా ఉండాలి. ఇంజనీరు దొరికేదాకా ఫోన్లు చేయాలి. ముందే వెళ్లి ఒడ్డు ఎక్కడ జారుతుందో చూసుకోవాలి. ఇదంతా నా సొంత సమయం. మరుసటి ఏడాది నేను సెలవులో ఉంటే వాగు వైపు ఎవరూ వెళ్లలేదు. పథకం అంటే ఇదేనా? ఒక మనిషి ఓపిక మీద నడిచేది ఆ ఓపికతోనే పోతుంది.

వెన్నెలవాకిలి:

తల్లిగా రెండో వైపు చెబుతాను. మా పెద్దవాడి బడిలో డబ్బు ఇవ్వలేదు కానీ నిబంధన మాత్రం పెట్టారు. ఇన్ని గంటల సేవ చేసినట్టు కాగితం తెస్తేనే మార్కులు. ఏ సేవ, ఎక్కడ, ఎవరితో అన్నది మీరే చూసుకోండి అన్నారు. ఫలితం ఊహించగలరు. పరిచయాలున్న ఇళ్ల పిల్లలకు తండ్రి స్నేహితుడి సంస్థ ముద్ర వేసి ఇచ్చింది. సాయంత్రాలు ఇంట్లో చెల్లెలిని చూసుకోవాల్సిన పిల్ల మాత్రం గంటల కోసం నానా తిప్పలు పడింది. విచిత్రం ఏమిటంటే ఆ పిల్ల రోజూ చేస్తున్నది సేవే, దానికే లెక్క లేదు.

కెనడాలోని ఆంటారియోలో 1999 నుంచి ఇలాంటిదే ఉంది. హైస్కూలు పూర్తికావాలంటే 40 గంటల సేవ. చోటు వెతుక్కునే బాధ్యత విద్యార్థిదే. దీన్ని సేవా అభ్యసనం అనవచ్చో లేదో మీరే చెప్పండి. నాకైతే ప్రభుత్వం పైసా తీయకుండా పేరు తెచ్చుకునే దారిలా కనిపిస్తుంది.

పదకొండోతరగతి:

నేను విద్యార్థిని. మా తరగతిలో ఒకే సంస్థ ముద్రతో పద్దెనిమిది కాగితాలు వచ్చాయి. ఆ సంస్థ ఎక్కడుందో మాలో ఎవరికీ తెలియదు.

జమాఖర్చు:

సున్నపుగోడ గారూ, మీ పోస్టు బాగుంది. అయితే మంచి టీచరు ఏది చేసినా బాగానే ఉంటుంది. నేను అడుగుతున్నది సగటు బడిలో ఏమవుతుందని.

ఆ లెర్న్ అండ్ సర్వ్ పథకాన్నే బ్రాండైస్ విశ్వవిద్యాలయం వారు మదింపు చేశారు. నివేదిక 1999లో వచ్చింది. 17 చోట్ల నడిచిన కార్యక్రమాలను చూశారు. పాల్గొన్న ఏడాది పిల్లల్లో పౌర బాధ్యత, బడి పట్ల ఆసక్తి కొంత పెరిగాయి. ఏడాది తర్వాత మళ్లీ చూస్తే ఆ ప్రభావంలో చాలా భాగం కరిగిపోయింది. పైగా ఆ 17 సగటు కార్యక్రమాలు కావు, ఎప్పటినుంచో స్థిరంగా నడుస్తున్నవాటినే ఏరుకున్నారు. ఏరుకున్నవాటిలోనే ఇలా ఉంటే ఏరనివాటి సంగతేమిటి?

నాలుగోబెంచి:

అదే నివేదికలో ఇంకో మాట ఉంది, మీరు వదిలేశారు. పిల్లలు చేసిన పని విలువ కడితే పథకానికి పెట్టిన ఖర్చుకు దాదాపు నాలుగు రెట్లు తేలింది. ఇక ప్రభావం కరిగిపోయిందన్నారు. ఆ తర్వాత కూడా సేవా కార్యక్రమాల్లో కొనసాగిన పిల్లల్లో అది మెరుగ్గా నిలిచింది. ఒక ఏడాది లెక్కలు నేర్పి, మరుసటి ఏడాది మానేసి, ఎక్కాలు మరిచిపోయారని లెక్కల పాఠాన్నే తప్పుపడతామా?

2011లో సెలియో, డర్లాక్, డిమ్నికి అనే పరిశోధకులు 62 అధ్యయనాలను కలిపి చూశారు. మొత్తం 11,837 మంది విద్యార్థులు. తమ మీద నమ్మకం, బడి పట్ల వైఖరి, పౌర భాగస్వామ్యం, నలుగురితో మెలిగే నేర్పు, చదువు అనే అయిదింటిలోనూ మెరుగుదల ఉంది. చదువులో ప్రభావ పరిమాణం (పాల్గొన్నవారికీ పాల్గొననివారికీ తేడా ఎంతో చెప్పే కొలత) 0.43, మిగతావాటిలో 0.3కు కాస్త అటూ ఇటూ. పాఠ్యాంశంతో ముడి, పిల్లల మాటకు విలువ, స్థానికుల భాగస్వామ్యం, తిరిగి ఆలోచించుకోవడం ఉన్న కార్యక్రమాల్లో ఫలితం ఇంకా బాగుంది.

జమాఖర్చు:

ఆ 62లో ఎక్కువ భాగం కాలేజీ విద్యార్థుల మీద చేసినవి. మీరు అడుగుతున్నది బడులకు.

నాలుగోబెంచి:

నిజమే. అందుకే వినతిపత్రంలో "శాస్త్రీయంగా నిరూపితం" అన్న మాట పెట్టడం లేదు. "ఆశాజనకం, మదింపుతో పాటే నడపాలి" అని రాస్తాం.

వకాల్తా:

చట్టం వైపు నుంచి రెండు మాటలు. తప్పనిసరి చేస్తే పిల్లల హక్కులకు భంగం కాదా అన్న ప్రశ్న ఎవరో ఒకరు లేవదీస్తారు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బెత్లెహెమ్ జిల్లా బడులు 60 గంటల సేవను తప్పనిసరి చేసినప్పుడు రెండు కుటుంబాలు కోర్టుకు వెళ్లాయి. బానిసత్వాన్ని, నిర్బంధ చాకిరీని నిషేధించిన 13వ రాజ్యాంగ సవరణకే ఇది విరుద్ధమని వాదించాయి. 1993లో అక్కడి అప్పీలు కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. హోంవర్కును ఎవరూ చాకిరీ అనరు కదా అన్న ధోరణిలోనే తీర్పు సాగిందని నా పఠనం.

కోర్టు ఒప్పుకున్నంత మాత్రాన తెలివైన విధానం అయిపోదు. 1999లో స్టూకాస్, స్నైడర్, క్లారీ ఒక అధ్యయనం ప్రచురించారు. బలవంతంగా చేయిస్తున్నారని భావించిన విద్యార్థుల్లో, ముఖ్యంగా సేవ పట్ల ముందు నుంచీ అంతగా మొగ్గులేనివారిలో, తర్వాత సొంతంగా చేయాలన్న ఉద్దేశం తగ్గింది. ఎంచుకునే వీలు ఉన్నప్పుడు ఆ నష్టం కనిపించలేదు. ఎవరిలో సేవాభావం పెంచాలని నిబంధన పెట్టామో వారినే దూరం చేసుకుంటామన్నమాట. కాబట్టి మీరు అడగబోయేది గంటల నిబంధన అయితే నా సంతకం ఉండదు.

పదకొండోతరగతి:

గంటలు పెట్టకపోతే మా బడిలో అసలు ఏమీ జరగదు సార్. పరీక్షలో రానిదానికి పీరియడ్ ఉండదు.

సున్నపుగోడ:

పదకొండోతరగతి చెప్పింది ఒక్క బడి సంగతి కాదు. అమెరికా గణాంకాలే చూడండి. 1999 సర్వేలో ప్రభుత్వ బడుల్లో 32 శాతం సేవా అభ్యసనం ఉందని చెప్పాయి. 2004కు అది 28, 2008కి 24. మామూలు సమాజసేవ మాత్రం తగ్గలేదు, 1999లో 64 శాతం బడుల్లో ఉంటే 2008లో 68. నిధులు కొట్టేసింది 2011లో. అంటే డబ్బు ఉన్నప్పుడే పాఠంతో ముడిపెట్టిన రకం తగ్గుతూ వచ్చింది. మధ్యలో ఏం జరిగింది? 2002లో 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం వచ్చింది. ఏటా చదవడంలో, లెక్కల్లో పరీక్షలు, ఫలితాలు రాకపోతే బడి మీద చర్యలు. కారణం అదొక్కటే అని చెప్పను కానీ, హెడ్మాస్టరు తల మీద కత్తి వేలాడుతుంటే వాగు దగ్గరకు పంపడానికి మనసొప్పుతుందా?

ఇక్కడే మేరీలాండ్ ముచ్చట చెప్పాలి. అక్కడి రాష్ట్ర విద్యామండలి 1992లో 75 గంటల నిబంధన తెచ్చింది. 1997లో బయటికి వచ్చిన పిల్లలతో అమలైంది. రాష్ట్రమంతటికీ ఇలాంటి నిబంధన పెట్టింది అదే మొదటిది. ఆంటారియోకూ దీనికీ తేడా ఉంది. మేరీలాండ్‌లో సన్నాహం, పని, తిరిగి ఆలోచించడం మూడూ కలిసిన గంటలనే లెక్కలోకి తీసుకుంటారు. ఆరో తరగతి నుంచే మొదలుపెట్టవచ్చు. చాలా జిల్లాలు దాన్ని పాఠాల్లోనే కలిపేశాయి, దాంతో సంతకాల వేట తగ్గింది. నిబంధనకు ముందే, తర్వాత ఆ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరైన కాథ్లీన్ కెనెడీ టౌన్‌సెండ్ నడిపిన ఒక సంస్థ రాష్ట్ర విద్యాశాఖతో కలిసి టీచర్లకు శిక్షణ ఇస్తూ వచ్చింది. లెర్న్ అండ్ సర్వ్ పోయింది, మేరీలాండ్ నిబంధన ఇప్పటికీ ఉంది.

జమాఖర్చు:

ఇదిగో, ఇప్పుడు ఆసక్తికరంగా మారింది.

లెర్న్ అండ్ సర్వ్ ఎందుకు పోయిందో బడ్జెట్ కాగితాలు చదివినవాడికి అర్థమవుతుంది. అది విడిగా కనిపించే చిన్న పద్దు. కోతల బల్ల దగ్గర కూర్చున్నవాడికి విడిగా, చిన్నగా, పేరుతో సహా కనిపించేది ఎప్పుడూ ముద్దు. ఒక్క గీతతో పోతుంది, "ఫలానాది రద్దు చేశాం" అని చెప్పుకోవడానికి పనికొస్తుంది. పెద్ద పద్దులో ఒక శాతం కోయాలంటే నూరు చోట్ల తగువు. అమెరికోర్ కింద జీవనభృతి తీసుకుంటూ ఏడాది పనిచేసే యువకులు ఉన్నారు, వారిని వాడుకునే సంస్థలు ఉన్నాయి, వారు గొంతెత్తారు. ఎనిమిదో తరగతి పిల్లలకు తమ వాగు నడకకు ఎక్కడి నుంచి డబ్బు వచ్చిందో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. లబ్ధిదారుకు తాను లబ్ధిదారునని తెలియని పథకాన్ని ఎవరూ కాపాడరు.

మరి పెద్ద పద్దులో కలిపేస్తే? అక్కడ ఇంకో రకం చావు. 'పాఠశాల నిర్వహణ' అన్న పద్దులో కలిపితే రెండో ఏడాదికి ఆ డబ్బు పైకప్పు మరమ్మతుకు వెళ్తుంది. మూడో ఏడాది ఎవరైనా అడిగితే "అదేదో ఉండాలే" అంటారు. నా ఉద్యోగంలో ఇలా మాయమైనవి చూసి చూసి విసిగిపోయాను. దొంగతనం కాదు, ఎవరూ జేబులో వేసుకోరు, ఊరికే ఇంకిపోతుంది.

కాబట్టి మీరు "నిధులు కావాలి" అని రాస్తే అది కోరిక మాత్రమే. ఏ పద్దులో, ఎవరి పేరు మీద, దేనికి తప్ప దేనికి వాడకూడదో రాస్తేనే వినతిపత్రం.

దూరతీరం:

ఇన్ని దేశాలు తిరిగారు, మన జాతీయ సేవా పథకాన్ని (ఎన్ఎస్ఎస్) ఎవరూ తలచుకోలేదు. కొంతకాలం దానిలో ప్రోగ్రాం ఆఫీసరుగా పనిచేశాను.

భారత ప్రభుత్వం దాన్ని గాంధీజీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న మొదలుపెట్టింది. అప్పుడు 37 విశ్వవిద్యాలయాలు, 40 వేల మంది విద్యార్థులు. 1985 నుంచి ప్లస్ టూ స్థాయికీ విస్తరించారు. ఏడాదికి 120 గంటలు, రెండేళ్లలో 240. ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఒకటి. వంద మంది విద్యార్థులకు ఒక యూనిట్, యూనిట్‌కు ఒక ప్రోగ్రాం ఆఫీసరు.

జమాఖర్చు గారు అడిగే ఆకారం దీనికి ఉంది. తలకు ఇంత అని నిధి, యూనిట్‌కు ఒక బాధ్యుడు, రిజిస్టరు. అందుకే ఇన్ని ప్రభుత్వాలు మారినా నిలిచింది. ఒకప్పుడు ఖర్చును కేంద్రం, రాష్ట్రాలు 7:5 నిష్పత్తిలో పంచుకునేవి. ఒక వాటా వచ్చి రెండోది రాకపోతే శిబిరం ఎలా నడపాలో, అప్పు ఎవరి దగ్గర తేవాలో ఆ రోజుల్లో పనిచేసిన వారిని అడగండి. ఇద్దరు కలిసి ఇచ్చే డబ్బులో ఆలస్యం ఎప్పుడూ రెండోవాడిదే.

లోటు ఎక్కడుందో కూడా చెబుతాను. పాఠంతో ముడి చాలా తక్కువ. రసాయనశాస్త్రం చదివే పిల్లవాడూ, చరిత్ర చదివే పిల్లా ఒకే గోడకు సున్నం వేస్తారు. కలిసిమెలిసి బతకడం నేర్చుకుంటారు, అది తక్కువేమీ కాదు. కానీ మొదటి పోస్టులో చెప్పిన మూడు భాగాల్లో (పాఠంతో ముడి, పని, తిరిగి ఆలోచించడం) రెండోది బలంగా, మొదటిది బలహీనంగా, మూడోది శిబిరం చివరి రాత్రి ప్రసంగాల్లో కలిసిపోయి ఉంటుంది. ప్రోగ్రాం ఆఫీసరు మామూలు అధ్యాపకుడే. తన బోధన గంటల్లో ఒక్కటీ తగ్గదు. భత్యం పేరుకు ఉంటుంది.

వెన్నెలవాకిలి:

నెదర్లాండ్స్ సంగతి కూడా చేర్చండి. అక్కడ మాధ్యమిక విద్యార్థులకు 30 గంటల సమాజసేవను 2011లో చట్టబద్ధం చేశారు, బడులకు డబ్బూ ఇచ్చారు. నిబంధనా ఉంది, నిధీ ఉంది, ఇంకేం కావాలి అనుకుంటాం. తర్వాత వచ్చిన ప్రభుత్వం పొదుపు పేరుతో 2014లో ఆ తప్పనిసరిని ఎత్తేసింది. డబ్బు కూడా ఆగింది. ఇష్టమున్న బడులు సొంతంగా కొనసాగించుకోవచ్చు అన్నారు. కొనసాగించగలిగేవి ఎలాంటి బడులో వేరే చెప్పాలా?

సింగపూర్ దీనికి ఎదురు ఉదాహరణ. 1997లో ఏడాదికి కనీసం ఆరు గంటలు అని మొదలుపెట్టారు. 2012లో పేరు మార్చి గంటల గోల తగ్గించారు. పిల్లలే పనిని ఎంచుకోవడం, దాని గురించి ఆలోచించడం ముఖ్యం అన్నారు. గంటలతో మొదలై గంటలు వదిలేసిన దారి అది. మనవాళ్లు దాన్ని తిరగేసి, ఆలోచనతో మొదలుపెట్టి గంటల దగ్గర స్థిరపడతారేమోనని నా భయం.

వకాల్తా:

దూరతీరం గారి చివరి రెండు వాక్యాలే మొత్తం విషయం అనిపిస్తోంది. "తన బోధన గంటల్లో ఒక్కటీ తగ్గదు." డబ్బుతో కొనాల్సింది అదే కదా?

సున్నపుగోడ:

అదే. తొడుగులు, పట్టీలు, టోపీలు, బ్యానర్లు నాకు వద్దు. వారానికి కొన్ని పీరియడ్లు నా టైంటేబుల్‌లో ఖాళీగా రాసి, ఆ ఖాళీకి ఇంకొకరి జీతం ఇస్తే చాలు. పక్కన రెండో మనిషి ఉంటే మరీ మంచిది. మిగతాది మేం చూసుకుంటాం.

ఇంకోటి కూడా చెప్పాలి. డబ్బు మొదట పరిచయాలు లేని బడులకు రావాలి. అమెరికా 2008 సర్వేలో తక్కువ ఆదాయ ప్రాంతాల బడుల్లో సేవా అభ్యసనం మిగతావాటికంటే తక్కువగా ఉంది. ఆ పిల్లలకు సేవ చేసే గుణం తక్కువని కాదు. అక్కడ టీచరుకు ఊపిరాడదు. అన్ని బడులకూ సమానంగా పంచితే, దరఖాస్తు బాగా రాయగలిగిన బడి ముందుగా తీసుకుంటుంది. ఆ బడిలో ఇంతకుముందే జరుగుతోంది.

జమాఖర్చు:

టీచరు సమయం అంటే జీతాల పద్దు. జీతాల పద్దును కోయడం ఎంత కష్టమో ఏ ఆర్థిక కార్యదర్శినైనా అడగండి. నాలుగోబెంచి గారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. పథకంగా అడగకండి. సమన్వయం చేసే టీచరు పోస్టుగా, లేదా పోస్టులో కొంత భాగంగా అడగండి. పోస్టు మంజూరైతే దానికి సంఖ్య ఉంటుంది, ఖాళీ పడితే కనిపిస్తుంది, సంఘాలు అడుగుతాయి. నేను ఇప్పటికీ దీన్ని గొప్ప పెట్టుబడి అని ఒప్పుకోవడం లేదు. అయినా పెట్టేదేదో ఇంకిపోని చోట పెట్టమంటాను.

ఒక షరతు. మదింపుకు డబ్బు మొదటి రోజే పక్కన పెట్టాలి, పథకం నడిపేవారి చేతిలో పెట్టకూడదు. గంటలు లెక్కపెట్టే మదింపు వద్దు. పిల్లలు రాసిన ఉత్తరానికి ఇంజనీరు జవాబు ఇచ్చాడా, కాలువ సంగతి ఏమైంది, ఆ పాఠంలో పిల్లలకు ఏం అర్థమైంది, ఇవి చూడాలి.

పదకొండోతరగతి:

ఇంజనీరు జవాబు ఇచ్చాడా టీచర్?

సున్నపుగోడ:

ఇచ్చాడు. "పరిశీలనలో ఉంది" అని. ఆ రెండు పదాల మీద పౌరశాస్త్రం టీచరు ఒక పీరియడ్ నడిపారు. కాలువ ఇంకా అక్కడే కలుస్తోంది.

నాలుగోబెంచి:

చర్చ చూసుకుని చిత్తుప్రతిని దాదాపు మొత్తం మార్చేశాం. "దేశ భవిష్యత్తు యువత చేతుల్లో" తరహా పేరాలన్నీ తీసేశాం. మిగిలిన సారం ఇది:

"విద్యార్థులపై గంటల నిబంధన విధించాలని మేం కోరడం లేదు. నిధి లేని నిబంధన దొంగ ధ్రువపత్రాలకు, పరిచయాలున్నవారి లాభానికి దారితీస్తుంది. ప్రభుత్వం ఎంపిక చేసిన బడుల్లో, తక్కువ ఆదాయ ప్రాంతాలతో మొదలుపెట్టి, ఒక టీచరు పనిగంటల్లో కొంత భాగాన్ని సేవా అభ్యసన సమన్వయానికి కేటాయించాలి. ఆ మేరకు బోధన భారాన్ని తగ్గించి, అదనపు సిబ్బందిని జీతాల పద్దు నుంచే మంజూరు చేయాలి. విద్యార్థుల అభిప్రాయం తీసుకుని, పాఠ్యాంశంతో ముడిపడిన స్థానిక పనిని ఎంచుకోవాలి. ప్రయాణానికి, ప్రమాద బీమాకు విడిగా కొద్దిపాటి నిధి ఉండాలి, దాన్ని మరో పనికి మళ్లించకూడదు. మొదటి ఏడాది నుంచే స్వతంత్ర మదింపు జరగాలి, ఫలితాలు ఎలా ఉన్నా బయటపెట్టాలి."

నిధులు కేంద్రం, రాష్ట్రం పంచుకోవాలన్న వాక్యం ఉండేది. దూరతీరం గారు చెప్పాక తీసేశాం. ఇచ్చేది ఒకరే అయితే ఎవరిని అడగాలో తెలుస్తుంది.

వకాల్తా:

"ఎంపిక చేసిన బడులు" అన్నచోట ఎంపికకు కొలమానం ఏమిటో రాయండి. లేకపోతే ఎంపిక ఎవరి బల్ల మీద జరుగుతుందో తెలిసిందే.

వెన్నెలవాకిలి:

ఇంట్లో తమ్ముళ్లను, ముసలివాళ్లను చూసుకునే పిల్లలు సాయంత్రాలు ఉండలేరు. పని బడి వేళల్లోనే జరగాలని ఒక వాక్యం చేర్చండి. లేకపోతే ఈసారి కూడా వారే బయట ఉంటారు.

దూరతీరం:

రెండో పెద్దమనిషి గురించి వాక్యం లేదు. పిల్లలు నీటి దగ్గరకో రోడ్డు మీదకో వెళ్లినప్పుడు ఒక్క టీచరు చాలడు. ఏదైనా జరిగితే మరుసటి రోజే అన్ని బడుల్లోనూ ఆపేస్తారు. పథకాలను బడ్జెట్ కోత కంటే ఒక్క ప్రమాదం త్వరగా చంపుతుంది.

పదకొండోతరగతి:

"విద్యార్థుల అభిప్రాయం తీసుకుని" అని ఉంది. దాన్ని "విద్యార్థులే" అని మార్చండి. అభిప్రాయం మా దగ్గర ఏటా తీసుకుంటారు, తీసుకుని ఎక్కడ పెడతారో తెలియదు.

నాలుగోబెంచి:

నాలుగూ చేర్చాను. జమాఖర్చు గారూ, మంజూరు కోరే పోస్టును ఏ పద్దు కింద చూపాలో మీరు రాసిస్తే ఈ రాత్రికే పంపేస్తాం.

జమాఖర్చు:

రాసి పంపాను, మీ ఇన్‌బాక్స్ చూడండి. సంతకం మాత్రం మదింపు వాక్యం పక్కన పెడతాను, పైన కాదు.